గడ్డకట్టిందని రాసిన రక్తం

మా తమ్ముడు జ్వరమంటే ఎరగడు. ఈ మాట మేం ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళమో తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. బళ్ళో సగం మంది పిల్లలు మూలుగుతూ మంచాలెక్కిన రోజుల్లో కూడా వాడు గోడలెక్కి తిరిగేవాడు. ఒంటి మీద సెగగడ్డలు లేచేవి, చెవిలో చీము కారేది, నుదురు మాత్రం చల్లగా ఉండేది. "నా కొడుకు ఇనుప ముద్ద" అనేది అమ్మ. వాడికన్నా ముందు పుట్టిన పిల్లాడు పదో నెలలో పోయాడు. వాడికీ జ్వరం లేదు. పాలు తాగి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. మిగతావాళ్ళకి తోచకపోతే తప్పు లేదు. నాకు తోచి ఉండాల్సింది, ఎందుకంటే నేను తినే తిండి ఆ పని మీద వచ్చేదే.

ఆసుపత్రి వెనక మేడ మీదున్న ల్యాబులో నేను టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. రోజూ ఎవరో ఒకరి చేతికి సూది గుచ్చుతుంటానని మా తమ్ముడు నన్ను 'సూదక్క' అన్నాడు. ఆ పేరు మెట్లు దిగి ఆసుపత్రంతా పాకిపోయింది. ఇప్పుడు పెద్ద డాక్టర్లు కూడా అలాగే పిలుస్తారు.

నా పని చెప్పడం తేలికే. మనిషి రక్తంలో ఒక రకం తెల్లకణాలుంటాయి. వాటి ఒంటి మీద ఒక రిసెప్టర్ ఉంటుంది. ఏ సూక్ష్మక్రిమి లోపలికి దూరినా ముందుగా పసిగట్టేది అదే. అది పసిగట్టి కేక పెడితే ఒళ్ళు వేడెక్కుతుంది, మిగతా రక్షణంతా నిద్రలేస్తుంది. ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టుకతోనే వస్తుంది. అయితే అది కంటికి కనపడేది కాదు. చూడాలంటే దాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ కావాలి. ఎలుక కణాలతో తయారుచేసి, మెరిసే రంగు తగిలించి, బొటనవేలంత నల్ల సీసాలో పంపిస్తారు. దానికి చేసే మర్యాదలు కొత్తల్లుడికి కూడా ఎవరూ చెయ్యరు. వెలుగు తగలకూడదు, ఎక్కువ చలి పనికిరాదు, వేడి అసలే పనికిరాదు. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి ఆ సీసాని తీసుకెళ్ళి ఐసు అరలో పెట్టిందని నేను అరిచిన అరుపులకి పక్క గదివాళ్ళు తలుపేసుకున్నారు.

రక్తంలో ఆ యాంటీబాడీ ఓ చుక్క కలిపి, అరగంట చీకట్లో ఉంచి, కడిగి, లేజర్ మెషిన్లోకి పంపిస్తాం. తెర మీద ఒక గుట్ట లేస్తుంది. రిసెప్టర్ ఉంటే గుట్ట కుడివైపుకి జరుగుతుంది, లేకపోతే ఉన్నచోటే ఉంటుంది. రోగుల రక్తంతోపాటు ప్రతిరోజూ ఒక ఆరోగ్యవంతుడి రక్తాన్ని కూడా పెట్టాలి. దాన్ని కంట్రోల్ అంటాం. కంట్రోల్ గుట్ట కదలకపోయిందా, ఆ రోజు చేసిందంతా చెత్తబుట్టకే, రోగులందరికీ మళ్ళీ సూదులే. ఆరోగ్యంగా ఉన్న మనిషి గుట్ట కదలకపోతే తప్పు చేసినవాళ్ళ చేతిదని మాకు మొదటి వారంలోనే నేర్పుతారు. నేను కూడా ఎంతమందికో అదే నేర్పాను.

మా తమ్ముడు ఫ్రిజ్ మెకానిక్కు. మా ల్యాబులో చల్లపెట్టెలన్నీ వాడే చూసేవాడు. వచ్చినప్పుడల్లా "అక్కా, ఇవాళ మేక దొరికిందా, నన్ను కోస్తావా?" అని చొక్కా చెయ్యి మడిచేవాడు. నాలుగేళ్ళ కిందట ఓ ఉదయం నిజంగానే కంట్రోల్‌కి ఎవరూ దొరక్కపోతే వాడిని కూర్చోబెట్టాను.

"చిన్నప్పుడు చెవి మెలిపెట్టి బిస్కెట్లు లాక్కున్నావు, ఇప్పుడు సూది పెట్టి నెత్తురు లాక్కుంటున్నావు. అమ్మతో చెప్తానుండు" అన్నాడు.

"నోరు మూసుకుని పిడికిలి బిగించు" అన్నాను.

ఆ రోజు వాడి గుట్ట కదల్లేదు. యాంటీబాడీ వెయ్యడం మర్చిపోయానని అనుకున్నాను. ఎవరూ చూడకుండా నా చేతికే సూది గుచ్చుకుని, నా రక్తంతో మళ్ళీ చేశాను. నా గుట్ట చక్కగా జరిగింది, ఆ రోజు పని గట్టెక్కింది. వాడి నంబరు పక్కన ఏదో ఒకటి రాయాలి కదా. మర్చిపోయానని రాయడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు. 'గడ్డకట్టింది' అని రాసి ట్యూబు పారేశాను. గడ్డకట్టిన రక్తం గురించి ఎవరూ ఎవరినీ అడగరు.

రెండోసారి ఆరు నెలల తర్వాత. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. మళ్ళీ అంతే. సీసా మూత తీసి లైటు కింద ఉంచేశానేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. మళ్ళీ నా రక్తం, మళ్ళీ అదే మాట.

మూడోసారి సంగతి వేరు. ఆ రోజు వాడి రక్తం పక్కనే నాది కూడా ముందే పెట్టుకున్నాను. అదే సీసా, అదే చుక్క, అదే అరగంట. నాది జరిగింది, వాడిది జరగలేదు. నేను తప్పు చెయ్యలేదని ఆ క్షణాన నాకు తెలుసు. తెలియలేదని చెప్పుకోవడానికి ఇప్పటిదాకా చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. లేచి పక్క గదిలో ఉన్న డాక్టరమ్మకి చూపిస్తే ఆవిడ మొదట అడిగేది 'ఇంతకుముందు ఎలా వచ్చింది?' అనే. పాత రాతలు రెండూ బయటపడతాయి. ఇరవై ఏళ్ళుగా 'సూదక్క చేత్తో చేస్తే తిరుగులేదు' అనిపించుకున్నదాన్ని. వెధవ, రోజంతా ఆ గ్యాసుల మధ్య తిరుగుతాడు, అందుకే రక్తం ఇలా తగలడిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మూడోసారి కూడా గడ్డకట్టిందనే రాశాను.

"నీ రక్తం కూడా నీలాగే తగలడింది. పిలిస్తే పలకదు. ఇక నీ దగ్గర తియ్యను ఫో" అన్నాను వాడితో. వాడు పడీపడీ నవ్వాడు.

వాడు పోయింది కిందటేడు వానాకాలంలో. ఏదో దుకాణంలో ఏసీ విప్పుతుంటే లోపలి రేకు అరచేతిలో గీసుకుంది. అలాంటివి వాడికి వారానికి నాలుగు. గుడ్డ చుట్టుకుని పని పూర్తిచేశాడు. మూడో రోజుకి చెయ్యి మోచేతిదాకా వాచింది. మా మరదలు బలవంతాన క్లినిక్‌కి తీసుకెళ్తే అక్కడి డాక్టరు థర్మామీటరు చూసి, "జ్వరం లేదుగా, కంగారు లేదు" అని మాత్రలిచ్చి పంపించాడు. జ్వరం లేదుగా అని ఫోన్లో నేనూ అన్నాను. ఐదో రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని "చలేస్తోందే" అన్నాడట. ఆసుపత్రికి చేర్చేసరికి రక్తమంతా విషమైపోయింది. మా ల్యాబు కిటికీలోంచి కనపడే వార్డులోనే పోయాడు. ముప్ఫై నాలుగేళ్ళు.

నేను మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు డాక్టరమ్మ నా బల్ల దగ్గరికి వచ్చారు. ల్యాబుకి పెద్ద ఆవిడే. పరామర్శలు ఆవిడకి చేతకావు, పని మాటలే వచ్చు.

"ఎంత జ్వరం వచ్చింది?" అన్నారు.

"రాలేదండీ. వాడికి చిన్నప్పట్నుంచీ రాదు."

ఆవిడ రాస్తున్న పెన్ను ఆపారు. "సెగగడ్డలు లేచేవా? చెవిలో చీము?"

"లేచేవండీ."

"మనకి కంట్రోల్ ఇచ్చేవాడు కదా. ఆ రిపోర్టులు ఉన్నాయా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "మూడుసార్లూ గడ్డకట్టిందండీ" అన్నాను.

"మూడుసార్లూనా?" అని నా మొహం వంక ఓ క్షణం చూశారు. ఏడ్చి ఏడ్చి నా కళ్ళు ఇంకా వాచే ఉన్నాయి. ఆవిడ గొంతు తగ్గించారు. "పోనీలెండి. ఆ రిసెప్టర్ లేకుండా పుట్టేవాళ్ళు ఎక్కడో లక్షల్లో ఒకరుంటారు. ఇన్నేళ్ళ నుంచి వెతుకుతున్నాను, ఒక్కరూ తగల్లేదు. దొరికితే బతికించడం ఏమంత కష్టం కాదు" అని వెళ్ళిపోయారు.

ఆ మాట విన్నాక నేను మరుగుదొడ్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికొచ్చి మొహం కడుక్కుని మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు, చేతులు కాలాక ఆకులెందుకని అనుకున్నాను. అలా మూడు వారాలు గడిపాను.

నాలుగో వారం ఆదివారం మరదలి ఇంటికి వెళ్ళాను. మరదలంటే మా మేనమామ కూతురే. పెళ్ళికి ముందూ నాకు మరదలే, తర్వాతా మరదలే. ఇంట్లో పిల్లని పెట్టుకుని ఊళ్ళన్నీ తిరగడమెందుకని పట్టుబట్టి ఆ సంబంధం కుదిర్చింది నేనే. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతోంది. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఆరేళ్ళది. ఒక్కచోట కుదురుగా ఉండదని దాన్ని 'పిచ్చుక' అంటాం. ఆ రోజు పిచ్చుక మెడ ఒకపక్కకి వంచుకుని నా దగ్గరికి వచ్చింది. చెవి కింద ఉసిరికాయంత సెగగడ్డ, ఎర్రగా ఉంది.

"నాలుగు రోజులైంది వదినా. పసుపు రాస్తున్నాను" అంది మరదలు, మిషను ఆపకుండా. "దీనికి కూడా వాళ్ళ నాన్న పోలికే. ఇంత లేచినా ఒళ్ళు కాలదు చూడు."

పిల్ల నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. చెయ్యి తిప్పి మళ్ళీ చూశాను.

ఆ పూటే ఇద్దరినీ రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకొచ్చాను. సెగగడ్డకి కట్టు కట్టించి, ఇంజెక్షను ఇప్పించి, "పిల్ల పాలిపోయింది, రక్తం ఉందో లేదో చూద్దాం" అని అబద్ధం చెప్పి దాని చెయ్యి పట్టుకున్నాను.

"అత్తా, సూది గుచ్చితే నాన్న ఏడ్చేవాడా?" అంది పిచ్చుక.

"లేదే. నవ్వేవాడు."

"అయితే నేనూ నవ్వుతా" అని, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

దాని రక్తం పక్కన నాది పెట్టాను. నాది జరిగింది. దానిది కదల్లేదు. మళ్ళీ చేశాను. సీసా మార్చి చేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి, తప్పు నా చేతిదే కావాలని కనపడని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. మూడోసారి కూడా గుట్ట ఎడమవైపునే కూర్చుని ఉంది. చివరికి ఆ రోజు డ్యూటీలో ఉన్న అమ్మాయిని, ఒకప్పుడు సీసాని ఐసులో పెట్టి నా చేత తిట్లు తిన్న అమ్మాయినే పిలిచి, "నా చేతి మీద నాకు నమ్మకం లేదు, ఈసారి నువ్వు చెయ్యి" అన్నాను. ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి చేసింది. తెర వంక చూసి బెదిరిపోయింది.

"అక్కా, నేనేమైనా తప్పు చేశానా?"

"లేదమ్మా. సరిగ్గానే చేశావు" అన్నాను.

డాక్టరమ్మకి ఫోన్ చేసి పిలిపించి, తలుపు వేసి అంతా చెప్పాను. పిల్ల సంగతీ, మూడు ట్యూబుల సంగతీ, మూడోసారి తెలిసే రాశానన్న సంగతీ. ఆవిడ కేకలేస్తారని ఎదురుచూశాను. వేస్తే కొంచెం తేలికపడేదాన్నేమో. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ముందు పిల్ల సంగతి చూద్దాం. మీ సంగతి తర్వాత" అన్నారు.

మరదలిని లోపలికి పిలిచి కూర్చోబెట్టి ఆవిడే విడమరిచి చెప్పారు. పిల్ల ఒంట్లో ఒక కాపలా పుట్టుకతోనే లేదని, మేనరికాల్లో ఇలాంటివి తరం నుంచి తరానికి దిగుతుంటాయని, భయపడాల్సింది కానీ బెంబేలెత్తాల్సింది కాదని అన్నారు. రోజుకొక మాత్ర, కొన్ని టీకాలు, చిన్న దెబ్బ తగిలినా జ్వరం కోసం చూడకుండా ఆసుపత్రికి రావడం. పెద్దదవుతున్నకొద్దీ ప్రమాదం తగ్గుతుందట. రోజుకొక మాత్ర! మా తమ్ముడికి కూడా అంతే సరిపోయేది.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాం. పిచ్చుక కాళ్ళు ఊపుతూ కట్టుని వేలితో తడుముకుంటోంది. తమ్ముడి సంగతి మరదలికి చెప్పడమా మానడమా అన్నది డాక్టరమ్మ నాకే వదిలేశారు. చెప్పకుండా ఉండాలనే అనుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళమీదే కదా పడేది. కానీ మా మరదలు అమాయకురాలు కాదు. రోజూ కొలతలు తీసే మనిషి.

"వదినా, ఇది పుట్టుకతో వచ్చేదైతే ఆయనకీ ఉండాలి కదా" అంది.

"ఉంది."

"ఉండొచ్చేమో అనట్లేదు నువ్వు. ఉంది అంటున్నావు."

నేను పిచ్చుక మెడకున్న కట్టు వంక చూశాను.

"అప్పుడెప్పుడో ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. మా అక్క నా రక్తాన్ని పిలిస్తే పలకట్లేదట అని. నేను కూడా నవ్వాను. అది ఇదేనా?"

"ఇదే."

"ఎన్నిసార్లు చూశావు?"

"మూడుసార్లు."

"మూడుసార్లూ నీకు తెలుసా?"

"మొదటి రెండుసార్లూ నా పొరపాటనుకున్నానే. ఒట్టు. మూడోసారి తెలిసింది, చెప్తే నా పరువు పోతుందనుకున్నాను."

కొడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. మరదలు లేచి పిల్లకి చెప్పులు తొడిగింది. ఒక చెప్పు బకిలు పట్టకపోతే మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. కళ్ళలో చుక్క నీరు లేదు.

"నా కూతురు బతుకుతుంది. అది నీ చలవే, కాదనను" అంది. "ఆయన కూడా బతికుండేవాడు. అది కూడా నీ చేతిలోనే ఉండింది. ఇక మా గుమ్మం తొక్కకు వదినా."

పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. నాలుగు మెట్లు దిగాక పిచ్చుక వెనక్కి తిరిగి, "అత్తా, నువ్వు రావా?" అని అరిచింది. మరదలు ఆగలేదు. నేను చెయ్యి ఊపాను.

ఇది జరిగి పద్నాలుగు నెలలైంది. కమిటీ వేశారు, నేనేమీ దాచలేదు. రిజిస్టరు నా చేతిలోంచి తీసేశారు, ఉద్యోగం ఉంచారు. తీసేసినా బాగుండేదని కొన్నాళ్ళు అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. ఎందుకో చెప్తాను.

యాంటీబాడీ కొత్త సీసా వచ్చిన ప్రతిసారీ అది నమ్మదగినదో కాదో చూడాలి. రిసెప్టర్ ఉన్న రక్తంలో గుట్ట జరిగితే సరిపోదు, రిసెప్టర్ లేని రక్తంలో జరక్కుండా ఉండాలి. అలాంటి రక్తం మాకు తెలిసి ఒక్కరిదే ఉంది. డాక్టరమ్మ వెళ్ళి అడిగితే మరదలు ఒప్పుకుంది. "ఇంకో ఇంట్లో ఇలా జరక్కుండా ఉంటుందంటే తీసుకోండి. సూది మాత్రం ఆవిడ పట్టుకోకూడదు" అందట.

అందుకని మూడు నెలలకోసారి కింద వార్డులో నర్సు తీస్తుంది. పిల్ల ఎత్తు పెరిగిందని, ముందు పళ్ళు రెండు ఊడాయని, సూది గుచ్చేటప్పుడు ఇంకా నవ్వుతూనే ఉందని ఆ నర్సే చెప్తుంది. మేడ మీదికి వచ్చేది ట్యూబు మాత్రమే, దాని మీద పేరుండదు, నంబరు ఉంటుంది. ఆ నంబరు నాకు తెలుసు. కింద తీసింది పైకి రావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, నా చేతికి అందేసరికి ఇంకా వెచ్చగానే ఉంటుంది. మేనకోడల్ని ముట్టుకోవడానికి నాకు మిగిలింది అంతే. కాసేపు పిడికిట్లో పట్టుకుని కూర్చుంటాను, తర్వాత మూత తీసి పని మొదలుపెడతాను.